కేతూరమ్మ అడిగిన మాట

ఇలా రా అమ్మలూ. కాళ్ళు కడుక్కున్నావా? తుడుచుకుని ఎక్కు, దుప్పటి తడిసిపోతుంది. ఊఁ, ఇప్పుడు నా పక్కకి తిరుగు. నేను చెప్తుంటే నువ్వు ఊఁ కొడుతూ ఉండాలి. నువ్వు ఆపేస్తే నేనూ ఆపేస్తాను.

అనగా అనగా గోదారి పాయకీ పంటకాలవకీ మధ్యన చిలకలంక అని ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో కొబ్బరిచెట్ల సందున తెల్ల సున్నం వేసిన చిన్న గుడి ఉండేది. మన గుడే, పైన సిలువా గంటా ఉండే గుడి. ఆ గుడి వెనక సందులో సలోమి అని ఒక కోడలు కాపురం ఉండేది.

సలోమి పుట్టిల్లు గోదారి అవతలి ఒడ్డు. పెళ్ళయి పడవెక్కి ఇటొచ్చింది. మొగుడి పేరు ఆనందం. పేరుకి తగ్గట్టే ఎప్పుడూ నవ్వుతూ ఉండేవాడు. వాళ్ళకి హెప్సి అని రెండేళ్ళ ఆడపిల్ల. ఇంట్లో మావగారు యోనా గారు, అత్తగారు కేతూరమ్మ గారు కూడా ఉండేవారు.

కేతూరమ్మ గారు మాట కరుకు మనిషి. పని మాత్రం చక్కగా చేసేది. కోడలితో మాట్లాడితే పని గురించే మాట్లాడేది. కోడలు కూడా పని గురించే జవాబు చెప్పేది. వాళ్ళిద్దరి మధ్యా ఒక కోపం ఉంది. అదేంటో చెప్తాను, విను.

హెప్సి ఇంకా కడుపులో ఉన్నప్పుడు, ఏడో నెల్లో, అవతలి ఒడ్డున సలోమి వాళ్ళమ్మ చనిపోయింది. ఆ కబురు పొద్దున్నే చిలకలంక వచ్చింది. కానీ సలోమికి ఎవరూ చెప్పలేదు. సలోమి ఆ రోజంతా వంట చేసింది, బట్టలు ఉతికింది, కూనిరాగం కూడా తీసింది. సందెవేళ కేతూరమ్మ గారు వచ్చి, "సలోమీ, మీ అమ్మ పోయింది. భూస్థాపన కూడా అయిపోయి ఉంటుంది," అంది. అంతే. ఇంకో మాట చెప్పలేదు.

కూనిరాగం తీసిన నోటిని సలోమి రెండు చేతులతో మూసుకుంది. ఆ రోజు నుంచి అత్తగారి ముఖం చూసి మాట్లాడలేదు.

అలా రెండేళ్ళు పైనే గడిచింది. అప్పుడు కేతూరమ్మ గారికి జబ్బు చేసింది. సలోమి దగ్గరుండి చూసింది. ఒళ్ళు తుడిచింది, జావ పట్టింది, పక్క మార్చింది. కోపం ఉంటే ఉండనీ, చెయ్యాల్సింది చెయ్యాలిగా మరి.

ఒక సాయంత్రం సలోమి పొయ్యి మీద అన్నం పెట్టి అత్తగారి తల దువ్వుతోంది. కేతూరమ్మ గారు గోడవైపు చూస్తూ, "ఆ కబురు దాచినందుకు నామీద కోపం పోయిందా సలోమీ?" అని అడిగింది.

సరిగ్గా అప్పుడే గంజి పొంగింది. సలోమి గబుక్కున లేచి పొయ్యి దగ్గరికి పరిగెత్తింది. గిన్నె దించింది, నిప్పుల మీద బూడిద కప్పింది, చెయ్యి కాలితే నీళ్ళలో ముంచుకుంది. తిరిగొచ్చేసరికి కేతూరమ్మ గారు కళ్ళు మూసుకుని నిద్రపోతోంది. తెల్లవారేసరికి ఆ నిద్రలోనే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది.

ఇక్కడే వచ్చింది తంటా. సలోమికి ఒక విషయం ఎంతకీ గుర్తురాలేదు. తను లేచి వెళ్ళేముందు "పోయిందిలెండి అత్తయ్యా" అందా? లేకపోతే అనాలనుకుని ఊరుకుందా? ఒకసారి అన్నట్టే ఉండేది. ఇంకోసారి పెదాలు కదపనే లేదనిపించేది. ఎంత తవ్వుకుంటే అంత తికమకగా ఉండేది.

ఊఁ కొట్టు మరి. ఆఁ, అదీ.

ఆ తర్వాత సలోమికి నిద్ర పట్టడం మానేసింది. పక్క వేసుకునేది, దీపం తగ్గించేది, కళ్ళు మూసుకునేది. మూసుకోగానే "అన్నానా, అనలేదా" అని మొదలయ్యేది. రాత్రి నిద్ర లేకపోతే పగలు బుర్ర పనిచెయ్యదు కదా. అలా మొదలయ్యాయి సలోమి పొరపాట్లు.

ముందు టీలో పంచదారకి బదులు ఉప్పు వేసింది. ఆనందం ఒక గుక్క తాగి పెరట్లోకి పరిగెత్తాడు. యోనా గారు మాత్రం ఆ టీ ఒక్క మాట అనకుండా ఆఖరిచుక్క దాకా తాగేశారు. పెద్దాయన మంచితనం అనుకున్నారు అందరూ.

ఆ తర్వాత ఒక పొద్దున తెల్లచీర కట్టుకుని, పిల్లని చంకనేసుకుని గుడికెళ్ళింది. తలుపులు వేసి ఉన్నాయి. ఇంకా ఎవరూ రాలేదనుకుని మెట్ల మీద కూర్చుంది. ఎండ నెత్తికెక్కుతోంది, గంట కొట్టరు, మనుషులు రారు. అప్పుడు పాస్టరు దేవసహాయం అయ్యగారు పూలమొక్కలకి నీళ్ళు పోద్దామని వచ్చి చూశారు.

"అమ్మా సలోమీ, ఇవాళ శనివారం," అన్నారు నెమ్మదిగా.

సలోమి తన చీర కేసి చూసుకుంది. ఆ తర్వాత, "నాకు నిద్ర పట్టట్లేదు అయ్యగారూ," అంది. ఎందుకో మాత్రం చెప్పలేదు. అయ్యగారు కూడా గుచ్చి అడగలేదు.

"పడుకునే ముందు ఒక్క వాక్యం చదువుకోమ్మా. గబగబా పది చదవొద్దు, ఒక్కటే. బెల్లంముక్క నోట్లో పెట్టుకుని కరగనిస్తాం చూడు, అలా ఉంచుకో. దాంతోపాటే నిద్రపో," అన్నారు.

సలోమి అలాగే చేసింది. దీపం దగ్గర ఒక్క వాక్యం చదివింది, కళ్ళు మూసుకుంది. మొదటి మాట నోట్లో ఉండగానే గంజి పొంగిన చప్పుడు వినపడింది. రెండో మాట దగ్గర దువ్వెన గుర్తొచ్చింది. చివరి మాట దాకా వెళ్ళేసరికి మొదటి మాట ఏంటో మర్చిపోయింది. లేచి మళ్ళీ దీపం పెద్దది చేసింది. అలా నాలుగుసార్లు.

సలోమి లేసు అల్లేది, చెప్పానా నీకు? తెల్లదారంతో, సన్నటి సూదితో, బల్లల మీద పరిచే గుండ్రటి గుడ్డలు అల్లేది. ఒక్కో గుడ్డకి అంచు చుట్టూ పువ్వులు, ఒక్కో పువ్వుకి ఎనిమిది రేకులు. ఆ వారం సలోమి అల్లిన గుడ్డలో ఒక పువ్వుకి తొమ్మిది రేకులొచ్చాయి, దాని పక్కదానికి ఏడొచ్చాయి.

లేసు నేర్పే మార్తమ్మ గారు కళ్ళజోడు సవరించుకుని ఆ గుడ్డని వెలుతుర్లో పెట్టి చూసింది. "ఈ పువ్వు దాని రేకు దీనికి ఇచ్చేసినట్టుందే," అంది. సలోమికి నవ్వు రాలేదు. నిద్ర సంగతి చెప్పింది.

"నేను చిన్నప్పటి నుంచి చేసేది చెప్తాను," అంది మార్తమ్మ గారు. "పక్క మీద కూర్చుని మూడు వేళ్ళు ముడుస్తాను. ఆ రోజు దేవుడిచ్చిన మేలు ఒక్కో వేలికి ఒక్కటి చెప్పుకుని స్తోత్రం చేస్తాను. మూడో వేలు ముడిచేసరికి ఆవలింత వచ్చేస్తుంది."

సలోమి అదీ చేసింది. హెప్సి అన్నం మారాం చెయ్యకుండా తింది, స్తోత్రం. ఒక వేలు. కప్పు కురవలేదు, స్తోత్రం. రెండో వేలు. మూడోది దొరకలేదు. దొరకలేదని కాదు. అత్తయ్య పెంచిన పాదు నుంచి ఆ రోజు మొదటి బీరకాయ కోసింది. అది మేలే. కానీ దాన్ని చెప్పుకోడానికి నోరు రాలేదు. అలా మూడో వేలు పట్టుకునే తెల్లవార్లూ కూర్చుంది.

అసలు భయపడాల్సింది అప్పుడు జరిగింది.

ఒక మధ్యాహ్నం సలోమి కాలవరేవులో బట్టలు ఉతుకుతోంది. హెప్సి పై మెట్టు మీద కూర్చుని పుల్లతో ఆడుకుంటోంది. సలోమి ఒక్క క్షణం అలుపు తీర్చుకుందామని మెట్టు మీద కూర్చుంది. రాత్రుళ్ళు రాని నిద్ర అప్పుడొచ్చింది. కూర్చున్నది కూర్చున్నట్టే తల వాల్చేసింది.

నీళ్ళలోకి ఒక బాతు వచ్చింది. హెప్సి బాతుని పట్టుకోవాలని ఒక మెట్టు దిగింది. ఆ తర్వాత ఇంకో మెట్టు. మూడో మెట్టు మీద నీళ్ళు పిల్ల గుండెల దాకా వచ్చాయి.

గిన్నెలు తోముకుంటున్న పక్కింటి లిద్యమ్మ చూసి ఒక్క అంగలో వెళ్ళి గౌను పట్టుకుని పిల్లని పైకి లాగింది. అరవలేదు, తిట్టలేదు. తడిపిల్లని తీసుకొచ్చి సలోమి ఒళ్ళో పెట్టింది. ఒళ్ళో చల్లగా తగిలేసరికి సలోమికి మెలకువ వచ్చింది. ఏం జరిగిందో చెప్పనక్కర్లేకపోయింది.

భయపడకు. హెప్సికి ఏమీ కాలేదు. బాతు వెళ్ళిపోయిందని ఏడిచింది, అంతే.

కానీ సలోమి పిల్లని అలాగే పట్టుకుని, అన్నాళ్ళూ ఎవరికీ చెప్పనిది మొత్తం లిద్యమ్మకి చెప్పేసింది. కబురు దాచిన సంగతి, గంజి పొంగిన సంగతి, అన్నానో అనలేదో తెలియని సంగతి.

లిద్యమ్మ అంతా విని, "ఇంతేనా. పొద్దు గూకేలోగా కోపం దించుకోమంటారు కదా మన పెద్దలు. వెళ్ళి ఆవిడతో సమాధానపడు," అంది. అనేసి, అప్పుడు గుర్తొచ్చి నాలిక కరుచుకుంది. "అవును కదూ. ఆవిడ పోయింది కదూ."

తన కొంగుతో పిల్ల తల తుడిచింది.

"అయితే మరి నాకూ తెలీదే," అంది లిద్యమ్మ.

ఆ రాత్రి సలోమి మూడూ ఒకేసారి చేద్దామనుకుంది. వాక్యం చదవబోయి వేళ్ళు ముడిచింది. స్తోత్రం చెప్పబోయి, ముందు సమాధానపడాలేమో అనుకుని ఆగింది. ఏది ముందో, ఏది తర్వాతో, ఏదన్నా వదిలేస్తే దేవుడికి కోపం వస్తుందో, ఏమీ తెలియలేదు. ఆనందానికి మెలకువ వచ్చి చూస్తే పెళ్ళాం మంచం మీద బాసింపట్టు వేసుకుని రెండు వేళ్ళు పట్టుకుని కూర్చుని ఉంది.

"ఏం చేస్తున్నావు?" అన్నాడు.

"నిద్రపోతున్నాను," అంది సలోమి.

ఆ మర్నాడు సందెవేళ ఎప్పట్లాగే కుటుంబ ప్రార్థనకి కూర్చున్నారు. చాప పరిచారు, దీపం పెట్టారు, పాట పాడారు. ఆ ఇంట్లో పాట అయ్యాక ఒక్కొక్కరు ప్రార్థన చేసేవారు. ఆనందం చేశాడు. హెప్సి తనకొచ్చిన రెండు మాటలు చెప్పింది. అప్పుడు సలోమి వంతు వచ్చింది.

రోజూ సలోమి నోటికొచ్చిన మాటలే గడగడా చెప్పేసేది. ఆ రోజు "తండ్రీ" అని ఆగిపోయింది. దీపం చుట్టూ పురుగులు తిరుగుతున్నాయి. ఆ తర్వాత, పక్కన ఎవరో మనిషి కూర్చుంటే చెప్పినట్టు చెప్పింది.

"తండ్రీ, నాకేమీ అర్థం కావట్లేదు. కోపం పోయిందా అని అత్తయ్య అడిగింది. నేను పోయిందన్నానో లేదో గుర్తులేదు. అని ఉంటే అది అబద్ధం. నా కోపం పోలేదు. అనకపోయి ఉంటే ఆవిడ జవాబు లేకుండా వెళ్ళిపోయింది. ఈ రెంట్లో ఏది జరిగి ఉంటే బాగుండునో కూడా నాకు తెలియట్లేదు."

అక్కడితో ఆగిపోయింది. ఆమెన్ అనడం కూడా మర్చిపోయింది.

అప్పుడు యోనా గారు గొంతు సవరించుకున్నారు. కళ్ళు తెరిచే ఉన్నారు. చాప అల్లిక మీద గోటితో గీస్తున్నారు.

"ఆ రోజు కబురు ముందు నాకు వచ్చిందమ్మా," అన్నారు. "గోదారి ఎర్రగా పొంగి ఉంది. నువ్వేమో ఏడో నెల. చెప్తే ఆగవు, పడవెక్కుతానంటావు. సాయంత్రం దాకా చెప్పొద్దని అన్నది నేను. మీ అత్తయ్య ఒప్పుకోలేదు. నాతో దెబ్బలాడి రెండుసార్లు రేవుకి వెళ్ళొచ్చింది, కడుపుతో ఉన్న పిల్లని దాటిస్తారా అని పడవవాళ్ళని అడగడానికి. వాళ్ళు కుదరదన్నారు. సాయంత్రం చెప్పాల్సిన టైముకి నేను చేలోకి వెళ్ళిపోయాను. చెప్పే పని దానిమీద పెట్టాను."

"మరి అత్తయ్య ఎప్పుడూ చెప్పలేదే," అంది సలోమి.

"చెప్పలేదు. నేను చెప్తానని చూసింది. నేనూ రేపు చెప్దాం, రేపు చెప్దాం అనుకున్నాను. అది పోయిన దగ్గర్నుంచి నాకూ కంటిమీద కునుకు లేదమ్మా."

ఇప్పుడు సలోమికి అంతా తేలిపోయిందనుకుంటున్నావా? లేదమ్మా, ఇంకా చిక్కుపడిపోయింది. రెండేళ్ళు అత్తగారి మీద పెట్టుకున్న కోపం అది. ఇప్పుడు దాన్ని తీసుకెళ్ళి మావగారి మీద పెట్టాలా? ఆయన చేసింది తప్పా? పడవ ఎక్కి ఉంటే హెప్సి ఉండేదా? కానీ వాళ్ళమ్మని కడసారి చూసుకోలేదు కదా. ఆ బాధ అబద్ధం కాదు కదా. ఒకటి పట్టుకుంటే ఇంకోటి జారిపోతోంది. ఏడుపొచ్చింది, ఏడిచింది. హెప్సి కూడా అమ్మని చూసి ఏడిచింది. ఆనందం ఎవరిని ఓదార్చాలో తెలియక పిల్లని ఎత్తుకున్నాడు.

అంతా సద్దుమణిగాక యోనా గారు అడిగారు, "నామీద నీకు కోపం పోతుందా అమ్మా?"

ఈసారి పొయ్యి మీద ఏమీ లేదు. సలోమి ఆయన ముఖం కేసి సూటిగా చూసింది.

"ఇవాళ నాకేమీ తెలియట్లేదు మావయ్యా. రేపు సందెవేళ మళ్ళీ అడగండి," అంది.

"సరేనమ్మా, అడుగుతాను," అన్నారు ఆయన.

ఆ రాత్రి సలోమి ఒక్క వాక్యం చదువుకుంది. వేళ్ళు ముడిచింది. అత్తయ్య పాదు బీరకాయ కాసింది, స్తోత్రం, అని మొదటి వేలికే చెప్పింది. రెండో వేలి దాకా రాకుండానే నిద్రపోయింది. కోపం పోలేదు, చిక్కు విడలేదు, అయినా నిద్రొచ్చింది. ఎందుకంటావా? నాకూ సరిగ్గా తెలీదమ్మా. లోపల అదిమిపెట్టింది బయటికొచ్చి చాప మీద అందరి మధ్యా కూర్చుంది కదా, అందుకేమో.

ఆ తర్వాత యోనా గారు మాట తప్పలేదు. మర్నాడు ప్రార్థన అయ్యాక, "పోయిందా అమ్మా?" అని అడిగారు. "ఇంకా లేదు మావయ్యా," అంది సలోమి. ఆ మర్నాడు అడిగారు. "కొంచెం పోయింది." మూడోనాడు అడిగారు. "మళ్ళీ వచ్చింది మావయ్యా, ఇవాళ మా అమ్మ చీర కనపడింది." ఆయన ప్రతిరోజూ సరే అని తలూపి లేచి పడుకునేవారు. విసుక్కోలేదు, తొందరపెట్టలేదు. ఒక్క సాయంత్రం కూడా మానలేదు.

అలా పదకొండు సాయంత్రాలు గడిచాయి. పన్నెండో సాయంత్రం గుళ్ళో మీటింగు ఉంది. ఇంటికి వచ్చేసరికి అలిసిపోయి ఉన్నారు. పాటా ప్రార్థనా త్వరగా ముగించి యోనా గారు పక్క పరుచుకోవడానికి లేచారు.

"ఇవాళ అడగలేదేం మావయ్యా?" అంది సలోమి.

పెద్దాయన దుప్పటి చేత్తో పట్టుకుని ఆగిపోయారు. "పోయిందా అమ్మా?" అన్నారు.

"పోయింది మావయ్యా," అంది సలోమి. కొంచెం ఆగి, "అత్తయ్య అడిగినదానికి కూడా ఇదే జవాబు," అంది.

యోనా గారు దుప్పటి అక్కడే వదిలేసి వచ్చి మళ్ళీ చాప మీద కూర్చున్నారు. ఆనందం కూడా వచ్చి కూర్చున్నాడు. ప్రార్థన అయిపోయింది కాబట్టి ఏం చెయ్యాలో తెలియక, అయిన పాటే ఇంకోసారి పాడుకున్నారు.

ఊఁ? ఏంటమ్మా? కేతూరమ్మ గారికి ఆ మాట వినపడిందా అంటావా?

అది నాకు తెలీదు నాన్నా. ప్రభువు దగ్గర పడుకున్నవాళ్ళకి మన మాటలు వినపడతాయో లేదో నేను చెప్పలేను. ప్రభువుకి మాత్రం వినపడింది. ఆవిడకి చెప్పాలో లేదో ఆయనకి తెలుసు.

ఆ తర్వాత ఆ ఇంట్లో అది అలవాటైపోయింది. పాట పాడాక, ప్రార్థన చేశాక, పడుకునే ముందు ఒకళ్ళనొకళ్ళు అడిగేవారు. నామీద ఏమన్నా కోపం ఉందా? ఉంటే ఉందనేవారు. లేకపోతే లేదనేవారు. తెలియకపోతే రేపు అడుగు అనేవారు. మూడిట్లో ఏది చెప్పినా తప్పు లేదు. చెప్పకుండా ముసుగు తన్నడమే కుదరదు.

ఇప్పుడు నువ్వు చెప్పు. నీకు ఎవరి మీదన్నా కోపం ఉందా?

అన్నయ్య మీదా. బొమ్మ చెయ్యి విరగ్గొట్టాడనా. పోయిందా?

సగం పోయిందా. మంచిది, సగం చాలు ఈ రాత్రికి. మిగతా సగం రేపు అడుగుతాను. ఏదీ, కళ్ళు మూసుకో, నాతో చెప్పు.

కథేమో కంచికి,
కునుకేమో కంటికి,
చింతేమో ప్రభువుకి,
చిట్టి తల్లి దుప్పట్లోకి.